మంచి జరిగితే భయమెందుకు వేస్తుంది? చిన్న సంతోషాన్ని నోరారా చెప్పుకోవడం గురించి

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇంట్లో మా వారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు. కానీ ఏ చిన్న మంచి జరిగినా సంతోషం కంటే ముందు భయం వస్తుంది, దీని వెనకాల ఏం రాబోతోందో అని. ఎవరికైనా చెబుదామంటే "ఊరుకో, దిష్టి తగులుతుంది" అంటారు అత్తగారు. చిన్న చిన్న సంతోషాలను సెలబ్రేట్ చేసుకోవాలని అందరూ అంటుంటే, ఒక పుస్తకం పెట్టి రోజూ మూడు మంచి విషయాలు రాయడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి అదీ హోంవర్క్‌లా అనిపించి మానేశాను. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు:

లోపం లేదమ్మా, ముందు ఆ మాట పక్కన పెట్టండి. మీరు రాసినదంతా చదివాక నా దృష్టి "ఎవరికైనా చెబుదామంటే" అన్న దగ్గర ఆగింది. మీకు మంచి జరుగుతోంది. అది మంచి అని మీకు తెలుస్తోంది కూడా. చెప్పుకోవడానికే దారి మూసుకుపోయింది.

చాలా ఏళ్ళుగా కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తున్నదాన్ని. వచ్చినవాళ్ళు కష్టాలు చెప్పుకుంటారు, వచ్చేదే అందుకు కదా. మాటల మధ్యలో నేనొక ప్రశ్న అడుగుతాను: "పోయిన వారంలో మీకు ఏదైనా కలిసొచ్చిందా? వస్తే ఎవరికి చెప్పారు?" మొదటి సగానికి కాసేపు ఆలోచించైనా ఏదో ఒకటి చెబుతారు. ఆటోలో మర్చిపోయిన పర్సు డ్రైవరే వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడనో, నాన్నగారి స్కాన్‌లో ఏమీ లేదని తేలిందనో. రెండో సగం దగ్గరే ఆగిపోతారు. "ఎవరికి చెబుతాం మేడమ్, ఎవరి టెన్షన్లు వాళ్ళవి" అంటారు. కొందరు అచ్చంగా మీ అత్తగారి మాటే అంటారు.

నా జవాబంతా ఈ రెండో సగం గురించే. చిన్న అదృష్టం ఇంకొక మనిషికి చెప్పుకున్నప్పుడు, ఆ మనిషి చేతిలో పని ఆపి విన్నప్పుడు సంతోషంగా నిలబడుతుంది. చెప్పుకోకపోతే సాయంత్రానికే ఎటు పోయిందో తెలియదు. మిగతా చిట్కాలన్నీ దీని తర్వాతే.

ముందు దిష్టి సంగతి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో అది దాటకుండా నేనేం చెప్పినా పనిచేయదు. అత్తగారిని తప్పు పట్టకండి. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని వింటూ పెరిగిన మనిషి ఆవిడ. ఆ మాట పుట్టిన రోజుల్లో పుట్టిన బిడ్డల్లో ఎందరు దక్కుతారో తెలియదు. కోతకొచ్చిన చేను ఒక్క రాత్రిలో పోయేది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. అలాంటి బతుకులో "మాకు బాగుంది" అని పైకి అనడానికి జంకడం సహజం. ఆ జంకు మన తెలుగువాళ్ళకే ఉన్నదీ కాదు. సంతోషంగా ఉంటే వెనకాలే చెడు వస్తుందన్న నమ్మకాన్ని కొలవడానికి మొహ్సిన్ జోషన్‌లూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2013లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మరుసటి ఏడాది సహచరులతో కలిసి 14 దేశాల వాళ్ళ మీద దాన్ని పరీక్షించారు. అంటే మీకు వస్తున్న ఆలోచన ఎందరికో వచ్చేదే, దానికొక పేరు పెట్టి చదువుతున్నారు కూడా.

అయితే మన పెద్దవాళ్ళు దిష్టికి భయపడి ఏం చేశారో ఒక్కసారి గమనించండి. భోగినాడు సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోస్తాం. ఎందుకంటే దిష్టి పోవడానికనే చెబుతారు. మరి అక్కడ జరిగేదేమిటి? పిల్లకు కొత్త పట్టులంగా వేసి, పీట మీద కూర్చోబెట్టి, చుట్టుపక్కల పేరంటాళ్ళందర్నీ పిలుస్తారు. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి, ఒక్కొక్కరూ గుప్పిట్లోకి తీసుకుని పిల్ల చుట్టూ తిప్పి తల మీద పోస్తారు. దొర్లిపోయిన నాణేల కోసం మిగతా పిల్లలు పీట చుట్టూ ఎగబడతారు. తర్వాత శనగలు, తాంబూలం, పాటలు. దిష్టి తీసే పేరుతో వీధిలో అందరి కళ్ళూ ఆ బిడ్డ మీద పడేలా చేశారు, అందరిచేతా ఆ బిడ్డను చూసి నవ్వించారు.

మిగతావీ ఇంతే. కొత్త జంట గడప దాటేటప్పుడు ఎర్రనీళ్ళు తిప్పుతాం, లోపల అప్పటికే విందు సిద్ధంగా ఉంటుంది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, ఆ వెంటనే స్వీటు డబ్బా తెరుస్తాం. కొత్త ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, వంటింట్లో పాలు పొంగిస్తాం, ఊరందర్నీ పిలిచి భోజనాలు పెడతాం. నోరు మూసుకుని కూర్చోమని ఏ ఆచారమూ చెప్పలేదు. సంబరం ఎలాగూ ఉంటుంది, పక్కనే దిష్టి తీయడమూ ఉంటుంది. గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేస్తే ఆ భయం పని అక్కడితో సరి. ఇప్పటి ఇళ్ళలో మనం సంబరం తీసేసి భయాన్ని మాత్రం ఉంచుకున్నాం.

కాబట్టి నా మొదటి సలహా ఇది, మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. ఇంట్లో ఒక మంచి కబురు చెప్పాక అత్తగారినే దిష్టి తీయమని అడగండి. "అత్తయ్యా, బాబుకి క్విజ్‌లో ప్రైజ్ వచ్చింది, మీ చేత్తో ఒకసారి దిష్టి తీయండి" అనండి. ఆవిడ తీస్తూ తీస్తూ ఏం ప్రైజు, ఎవరిచ్చారు, ఎంతమంది మీద గెలిచాడు అని అడుగుతారు. పదింట తొమ్మిదిళ్ళలో అడుగుతారు. మీకు ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆవిడ ఆ సంతోషంలో మనిషి అవుతారు. కబురు దాచిపెట్టమనే అవసరం ఆవిడకు ఉండదు.

ఇక మీ లోపల వచ్చే భయం. ముందే భయపడి ఉంటే తర్వాత దెబ్బ తక్కువ తగులుతుందని మనసు ఒక లెక్క వేసుకుంటుంది. నేను చూసినంతలో ఆ లెక్క కుదిరిన ఇల్లు లేదు. కష్టం వచ్చినప్పుడు ముందే భయపడ్డవాళ్ళూ ఏడ్చారు, భయపడనివాళ్ళూ ఏడ్చారు. భయపడ్డవాళ్ళకు అంతకుముందున్న మంచి రోజులు కూడా దక్కలేదు. అలాగని ఆ ఆలోచనను తరిమికొట్టడానికి కూర్చోకండి, తరిమేకొద్దీ అది మొండికేస్తుంది. "ఇవాళ మా ప్రాజెక్టు రిలీజ్ ఒక్క బగ్ లేకుండా అయిపోయింది, నాకు భలే సంతోషంగా ఉంది, కొంచెం భయంగా కూడా ఉంది" అని రెండూ కలిపే మీ వారికి చెప్పండి. భయం ఉందని సంతోషాన్ని ఆపక్కర్లేదు. రెండూ ఒకే పూట మనసులో ఉండగలవు.

చిన్న అదృష్టాలకు అంత విలువ ఎందుకు ఇవ్వాలి, పెద్దది ఒక్కటి తగిలితే చాలదా అని చాలామంది అడుగుతారు. దీని మీద పాత పరిశోధన ఒకటుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీ తగిలిన 22 మందితో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు మాట్లాడి 1978లో ఆ వివరాలు అచ్చువేశారు. స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి టిఫిను, టీవీ చూడడం, ఒక మంచి జోకు వినడం, ఎవరైనా మెచ్చుకోవడం, ఇలాంటి మామూలు పనుల్లో ఎంత ఆనందం దొరుకుతోందని అడిగారు. లాటరీ తగలని ఇరుగుపొరుగు వాళ్ళకంటే వీళ్ళకు తక్కువే దొరుకుతోందని తేలింది. అది చిన్న అధ్యయనం. దాన్ని పట్టుకుని డబ్బు వల్ల సంతోషం లేదని ఉపన్యాసాలిచ్చేవాళ్ళతో నేను ఏకీభవించను. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్ళ మీద జరిగిన చాలా పెద్ద అధ్యయనం 2020లో వచ్చింది. పెద్ద మొత్తం వచ్చినవాళ్ళకు జీవితం మీద తృప్తి పెరిగిందనీ, ఏళ్ళ తర్వాత కూడా అది నిలిచిందనీ అందులో ఉంది. అప్పులు తీరితే, పిల్లల ఫీజుల బెంగ పోతే మనిషి కుదుటపడడా? పడతాడు. కానీ ఆ నిశ్చింత వేరు, పొద్దున ఇడ్లీ తింటుంటే కలిగే ఆనందం వేరు. రెండోది డబ్బుతో దానంతట అది రాదు. 2010లో బెల్జియం పరిశోధకుడు జోర్డీ క్వాడ్‌బాక్ బృందం ఇంకో సంగతి చూపించింది. డబ్బు బొమ్మ చూపించి చాక్లెట్ చేతికిస్తే, ఆ బొమ్మ చూడనివాళ్ళకంటే గబగబా తినేశారట, ఆనందమూ తక్కువే కనబడిందట. జీతం పెరుగుతున్నకొద్దీ చిన్నవాటిని గమనించే అలవాటు దానంతట అది పెరగదు, మనమే పెంచుకోవాలి. మీకు ఏ లోటూ లేదని మీరే రాశారు. అందుకే ఈ మాట చెబుతున్నాను.

అలవాటు అంటే కొత్తగా నేర్చుకునేదేమీ కాదు. ఆవకాయ పెట్టే రోజు గుర్తు చేసుకోండి. కాయలు కడిగి తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా మళ్ళీ గుడ్డతో తుడిచేసరికి నడుములు పడిపోతాయి. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, పప్పునూనె కలిపి జాడీకి ఎత్తేస్తారు. ఇక బేసిన్ అంచుల్లో ఎర్రగా అంటుకుని మిగిలిన పిండి ఉంటుందే, అందులోనే వేడి అన్నం దిమ్మరించి, ఇంకొంచెం నూనె పోసి కలుపుతారు. చుట్టూ చేరిన వాళ్ళందరి చేతుల్లోనూ ఒక్కో ముద్ద. పచ్చడి ఊరలేదు, మూడో రోజు తిరగ కలిపితే గానీ రుచి రాదు, ఆవ ఘాటు ముక్కుకెక్కుతోంది, ముక్కలో పులుపు పచ్చిగా ఉంది. అయినా ఆ ముద్ద కోసం పిల్లలు బేసిన్ దగ్గర్నుంచి కదలరు. "ఉప్పు సరిపోయిందా?" అని కలిపినావిడ అందరి ముఖాలూ చూస్తుంది. ఎవరో "అదిరింది" అంటారు. అది చాలు ఆవిడకు, పొద్దుట్నుంచీ పడ్డ కష్టమంతా ఎగిరిపోతుంది.

దాన్ని ఎవరూ సెలబ్రేషన్ అనలేదు. కేకు లేదు, ఫోటో లేదు. మంచి జరిగిన చోటే, జరిగిన పూటే, చుట్టూ ఉన్నవాళ్ళతో పంచుకోవడం జరిగింది. ఫ్రెడ్ బ్రయంట్ అని షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుడు మంచి క్షణాలను జనం ఎలా సాగదీసుకుంటారో ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఇతరులతో చెప్పుకోవడం, మనసులో పదిలపరచుకోవడం, రుచినీ వాసననూ శ్రద్ధగా పట్టించుకోవడం, ఇవన్నీ ఆయన జాబితాలో ఉన్నాయి. ఆనందాన్ని మధ్యలో చంపే అలవాట్లు కూడా ఉన్నాయి. "ఇదేం పెద్ద గొప్ప" అనుకోవడం, "ఇంకా బాగుండాల్సింది" అనుకోవడం లాంటివి. మన ఇళ్ళలో ఈ రెండు మాటలూ రోజుకెన్నిసార్లు వినబడతాయో లెక్కపెట్టి చూడండి.

చెప్పేవాళ్ళ సంగతి ఇంతవరకు. వినేవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మీ ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

సంక్రాంతికి ఊరెళ్ళే టికెట్టు తీసుకుందాం. 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు. ఓటీపీ వచ్చేలోపు సీట్లు అయిపోయి వెయిటింగ్ లిస్టు పడుతుంది. తర్వాత రోజూ ఆ నంబరు ఎంతవరకు తగ్గిందా అని చూసుకుంటూ గడుపుతాం. చివరికి ప్రయాణం ముందు చార్టు తయారయ్యాక మెసేజ్ వస్తుంది, బెర్తు దొరికిందని. మీ వారు ఆ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి "కన్‌ఫర్మ్ అయింది!" అన్నారనుకోండి. మీరు నాలుగు రకాలుగా పలకవచ్చు. "అబ్బ! ఇవాళ నక్క తోక తొక్కారు మీరు. ఎప్పుడొచ్చింది మెసేజ్? ఏ బెర్తు? మామయ్యకు ఫోన్ చేశారా?" అనడం ఒకటి. కూర కలుపుతూ తలెత్తకుండా "ఊ, మంచిది" అనడం ఇంకొకటి. "వెళ్ళడం సరే, తిరుగు టికెట్ ఉందా? అప్పుడు చూడండి తమాషా" అనడం మూడోది. "అవునా, గ్యాస్ బుక్ చేశారా?" అనడం నాలుగోది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త షెల్లీ గేబుల్ సరిగ్గా ఈ నాలుగు రకాలనే విడదీసి చూశారు. మంచి జరిగిన రోజున దాన్ని ఇంకొకరికి చెప్పుకున్నవాళ్ళకు, ఆ మంచి వల్ల వచ్చిన ఆనందం కంటే అదనంగా కొంత ఆనందం దొరుకుతుందని 2004లో ఆమె బృందం రాసింది. 2006లో జంటలను కూర్చోబెట్టి ఒకరికొకరు మంచి కబుర్లు, చెడు కబుర్లు చెప్పుకుంటుంటే వీడియో తీసి పరిశీలించారు. ఆ బంధం ఎంత బాగుందో తెలుసుకోవడానికి, చెడు కబురు విన్నప్పటి తీరు కంటే మంచి కబురు విన్నప్పటి తీరే ఎక్కువ పనికొచ్చింది. కష్టంలో తోడుండడం గొప్ప అని మనందరికీ తెలుసు. మంచిలో తోడుండడం కూడా అంతే అవసరమని ఎవరూ మనకు చెప్పలేదు.

మన ఇళ్ళలో మూడోరకం జవాబు ఎక్కువ, తిరుగు టికెట్ రకం. అది చెడ్డతనంతో రాదు, ప్రేమతోనే వస్తుంది. పిల్లాడు 92 మార్కులు తెచ్చుకుంటే "మిగతా 8 ఎక్కడ పోయాయి?" అనే నాన్న ఆ పిల్లాడి కోసమే ప్రాణం పెడుతుంటాడు. కూతురికి ఆఫర్ లెటర్ వస్తే "జాగ్రత్తమ్మా, ఈ రోజుల్లో ఉద్యోగాలు ఎప్పుడు తీసేస్తారో తెలియదు" అనే అమ్మ ఆ రాత్రి దేవుడి ముందు దీపం పెడుతుంది. ప్రేమ లోపల ఉండిపోతుంది, జాగ్రత్త ఒక్కటే బయటకు వస్తుంది. అలాంటివాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: జాగ్రత్తలు చెప్పడానికి రేపు పొద్దున ఉంది, తిరుగు టికెట్ గురించి రేపు మాట్లాడుకోవచ్చు. కబురు చెప్పిన ఆ ఐదు నిమిషాలూ మాత్రం ప్రశ్నలడగండి. "ఎలా జరిగింది? నీకేమనిపించింది? పక్కన ఎవరున్నారు?" అంతకు మించి అభినందన ఉపన్యాసాలు అక్కర్లేదు.

దూరాన ఉన్నవాళ్ళకు ఇది ఇంకా అవసరం. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు అమ్మ టెన్షన్ పడుతుందని కష్టం చెప్పరు, ఇంత చిన్నది ఏం చెబుతాంలే అని మంచి కూడా చెప్పరు. వీడియో కాల్‌లో "తిన్నావా", "తిన్నాను" మిగులుతుంది.

మీ పుస్తకం సంగతికొస్తే, మానేసినందుకు బాధపడకండి. రోజూ మూడు మంచి విషయాలు రాసే పద్ధతి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రకటించిన పరిశోధనతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళను రాయమన్నది ఒక్క వారమే. జీవితాంతం రాయమని కాదు. ఆరు నెలల తర్వాత కూడా కొంత మేలు కనిపించింది, ముఖ్యంగా ఇష్టపడి తమంతట తాము కొనసాగించినవాళ్ళలో. అదే ఏడాది సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఆరు వారాల ప్రయోగం గురించి రాశారు. తమకున్న మంచిని వారానికి ఒక్కసారి తలుచుకుని రాసినవాళ్ళకు ఆనందం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకు పెరగలేదు. మీకు విసుగు రావడం మామూలే అని దీన్నిబట్టి అర్థమవుతుంది కదా. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కసారి రాస్తే చాలు.

సెలిగ్మన్ పద్ధతిలో చాలామంది వదిలేసే భాగం ఒకటుంది. ఏం జరిగిందో రాశాక, అది ఎందుకు జరిగిందో కూడా రాయాలి. నాకు అసలు ఇష్టమైన భాగం అదే. "మెట్రోలో సీటు దొరికింది" అని ఊరుకోకుండా ఎందుకు దొరికిందో రాస్తే, కాళ్ళు లాగుతున్నాయని నా ముఖం చూసి ఒక కాలేజీ అబ్బాయి లేచాడు అని వస్తుంది. "రిలీజ్ బాగా జరిగింది" అంటే ఎందుకు? పక్క టీమ్‌లో అమ్మాయి రాత్రి పదింటిదాకా కూర్చుంది. ఇలా నాలుగు వారాలు రాశాక వెనక్కి తిప్పి చూస్తే ఎక్కువ చోట్ల ఎవరో ఒక మనిషి కనబడతారు. వాళ్ళలో ఒక్కరికైనా ఆ వారం ఫోన్ చేసి "నీవల్లే అయింది" అని చెప్పండి. అప్పుడది హోంవర్క్ అనిపించదు.

ఇంకో చిన్న పద్ధతి కూడా పనికొస్తుంది. ఇప్పుడున్న మంచి అసలు జరగకపోయి ఉంటే ఎలా ఉండేదో కాసేపు ఊహించుకోవడం. మింక్‌యుంగ్ కూ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2008లో ఇది పరీక్షించారు. తమ భాగస్వామిని ఎలా కలిశామో రాసినవాళ్ళకంటే, అసలు కలవకుండా పోయే అవకాశం ఎలా ఉండేదో రాసినవాళ్ళకు తమ బంధం మీద ఎక్కువ సంతృప్తి కలిగింది. మీ పెళ్ళి పెద్దలు కుదిర్చినదైతే, ఆ రోజు ఆ పిన్ని ఫోటో చూపించకపోయి ఉంటే ఏమయ్యేదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. భలే కబుర్లు బయటకొస్తాయి. దీన్ని పండగకొకసారి చేసుకుంటే చాలు, మీలాంటి భయస్తులు రోజూ చేస్తే "పోతే ఎలా" అన్న బెంగ ఎక్కువవుతుంది.

బయట ఎవరికి చెప్పాలన్నది మిగిలింది. ఇక్కడ మీ అత్తగారి మాటలో నిజం ఉంది. అందరికీ చెప్పక్కర్లేదు. ఐదేళ్ళుగా పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఆడపడుచుకి మీ పాపాయి ముద్దుమాటలు గంటసేపు వినిపించడం సంబరం అవదు. ఉద్యోగం పోయిన స్నేహితుడికి మన జీతం హైక్ గురించి అదే వారం చెప్పనక్కర్లేదు. అది దిష్టి భయం వల్ల కాదు, ఎదుటివాళ్ళ మనసు తెలిసి నడుచుకోవడం. అలాగని వాళ్ళ నుంచి పూర్తిగా దాచేస్తే తర్వాత ఇంకెవరి నోటో విని మరింత బాధపడతారు. క్లుప్తంగా మనమే చెప్పి, వాళ్ళ సంగతి అడగడం మర్యాద. మిగతా చిన్న చిన్న మంచి కబుర్లకు ఇద్దరు ముగ్గురు మనుషులుంటే చాలు. వాట్సాప్ స్టేటస్ పెడితే వందమంది చూస్తారు, పదిమంది హార్ట్ పెడతారు. ఒక్కరికి ఫోన్ చేస్తే "ఆగు ఆగు, మొదట్నుంచి చెప్పు" అంటారు. మీకు కావలసినది ఆ మాట.

ఖర్చు గురించి కూడా ఒక ముక్క. మన దగ్గర ఏ మంచి జరిగినా "పార్టీ ఎప్పుడు?" అంటారు, ఆ భయానికి చెప్పడమే మానేసినవాళ్ళు ఆఫీసుల్లో చాలామంది కనిపిస్తారు. పిండి కొద్దీ రొట్టె. వాన పడుతుంటే సందు చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, కొత్తగా ఫిల్టర్ దింపిన కాఫీ ఇంకో అరగ్లాసు, పిల్లలకు ఆ రాత్రి పదిదాకా మేలుకునే సెలవు, ఇవన్నీ సంబరాలే. చిన్నదానికి చిన్న సంబరం చాలు.

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ ఏడాది పండగలు చేసుకోం. ఆ ఏడాదిలోనే మనవరాలు తొలి అడుగు వేస్తుంది, తాతగారి ఫోటో కింద కూర్చున్న నాయనమ్మ నవ్వుతుంది, నవ్వినందుకు వెంటనే తప్పు చేసినట్టు తల దించుకుంటుంది. అలాంటి పెద్దవాళ్ళు మీ చుట్టూ ఉంటే ఆ నవ్వును ఎవరూ వేలెత్తి చూపకుండా చూడండి. పండగ మానడం పోయినవాళ్ళ మీద గౌరవం. పసిదాని అడుగుకు నవ్వడం ఆ గౌరవానికి ఏ లోటూ చేయదు.

వైద్యపరంగా ఒక మాట చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. మీరు రాసినదాంట్లో సంతోషం కలగడం, దాని మీద భయం పడడం కనిపించాయి. అసలు సంతోషమే కలగకపోవడం వేరే సంగతి. ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా ఆసక్తి పోయి, రోజులో ఎక్కువ భాగం మనసు దిగులుగా ఉండి, నిద్ర, ఆకలి మారిపోయి, ఇలా రెండు వారాలకు మించి సాగితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి పుస్తకంలో రాసుకోవడం మందు కాదు, డాక్టరును కలవాలి. కలవడానికి జంకు ఉంటే ముందు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ విషయంలో అంతదూరం వెళ్ళలేదని అనిపిస్తోంది కాబట్టి, మీ వారితో మొదలుపెట్టండి. ముందు ఆయనకు విషయం చెప్పండి: "రోజూ పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు నాకు జరిగిన ఒక మంచి సంగతి చెబుతాను. మీరు సలహా ఇవ్వకండి, రెండు ప్రశ్నలడగండి చాలు." మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. "ఇవాళ నాకేం జరగలేదు" అని మీకే అనిపిస్తుంది, ఆయన "ఇప్పుడేంటి ఇదంతా" అనవచ్చు. అప్పుడు మీరు చెప్పడం ఆపేసి, ఆయనకేం కలిసొచ్చిందో అడగండి. బండికి ఒక్క రెడ్ సిగ్నల్ కూడా తగలకుండా ఇంటికొచ్చాను అంటారేమో. ఏ దారిన వచ్చారో, ఎన్ని నిమిషాలు మిగిలాయో అడిగి తెలుసుకోండి.